డిస్పెప్సియా ఎవరి మాట? తాతకీ మనవడికీ ఒక జవాబు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్ళు. హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఏడెనిమిది నెలలుగా ఆయనకు నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోయినట్టు ఉంటోంది. పైపొట్టలో మంట అంటున్నారు. ఎండోస్కోపీ చేయించాం. పుండ్లు, గడ్డలు ఏమీ లేవన్నారు. మందుల చీటీ మీద మాత్రం 'ఫంక్షనల్ డిస్పెప్సియా' అని రాశారు. ఆ పేరు చూసినప్పటి నుంచి నాన్నగారికి ఒకటే టెన్షన్. 'ఇంత పెద్ద పేరు రాసి, మళ్ళీ ఏమీ లేదంటారేమిటి?' అంటున్నారు. బీఫార్మసీ చదువుతున్న మా అబ్బాయి 'అది గ్రీకు మాట తాతయ్యా, అజీర్తి అని అర్థం' అన్నాడు. దానికి నాన్నగారు 'పెప్ అంటే మన పచ్ ధాతువేరా, గ్రీకులు మన దగ్గర్నుంచే పట్టుకుపోయారు' అన్నారు. వాడు నవ్వాడు. ఈయనకు కోపం వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో మా చిన్నది 'తాతయ్య పెప్సీ తాగితే వచ్చిందా?' అని అడుగుతోంది. ఇంతకీ ఆ మాట ఎవరిది? నాన్నగారికి ఏమని చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం: అమ్మా, మాట గ్రీకుదే. ఆ సంగతి మీ అబ్బాయి సరిగ్గానే చెప్పాడు. అయితే పెప్‌కీ పచ్‌కీ చుట్టరికం ఉందని మీ నాన్నగారు అన్నది కూడా అక్షరాలా నిజం. చీటీ మీద ఇంగ్లీషులో రాసిన జబ్బు పేరు చూసి, అందులో సంస్కృత ధాతువు పోలిక పట్టుకున్నారంటే ఆయన చదివిన చదువు అలాంటిది. అక్కడ నవ్వాల్సింది ఏమీ లేదని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. నాన్నగారి మాటలో నిలవనిది ఒక్కటే, ఆ 'పట్టుకుపోయారు' అన్నది. ఎవరూ ఎవరి దగ్గర్నుంచీ పట్టుకుపోలేదు. అదెలాగో కాస్త వివరంగా చెబుతాను, ఆయనకు చదివి వినిపించండి. జబ్బు సంగతి చివర్లో చెబుతాను, దాన్ని మాత్రం దాటేయకండి.

డిస్పెప్సియాలో రెండు ముక్కలున్నాయి. మొదటిది గ్రీకులో 'డుస్'. చెడ్డది, కష్టమైనది అని దాని అర్థం. సంస్కృతంలో ఇదే దుస్, దుర్. దుర్గంధం, దుర్భిక్షం, దుష్ఫలితం అని మనం రోజూ అనే మాటల్లో ముందున్నది అదే. రెండో ముక్క 'పెప్సిస్'. దీని క్రియ 'పెస్సో', ఏథెన్స్ వాళ్ళ యాసలో 'పెట్టో'. ఈ క్రియను గ్రీకులు మూడు పనులకు వాడారు: పొయ్యి మీద వండడానికి, చెట్టు మీద కాయ పండడానికి, కడుపులో తిండి అరగడానికి.

ఈ మూడూ ఒకచోట చేరడం నాన్నగారికి కొత్తగా అనిపించదు. పక్వాన్నం అంటే వండిన అన్నం, పక్వఫలం అంటే పండిన పండు, పక్వాశయం అంటే అరిగిన తిండి చేరే పేగుల చోటు. మూడు మాటల్లోనూ ఉన్నది పక్వమే. భోజనానికి కూర్చుని 'అహం వైశ్వానరో భూత్వా' అని చదువుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కదా. ఆ శ్లోకం 'పచామ్యన్నం చతుర్విధమ్' అని ముగుస్తుంది. ప్రాణుల దేహంలో వైశ్వానరాగ్నిగా ఉండి నాలుగు రకాల ఆహారాన్ని పచనం చేస్తున్నానని కృష్ణుడు అంటాడు. అక్కడ పచామి అంటే వండుతున్నానని కాదు, అరిగిస్తున్నానని.

ఇంకా దగ్గరి చుట్టం ఒకటుంది. పచ్ ధాతువుకు 'తి' ప్రత్యయం చేరిస్తే 'పక్తి' అవుతుంది. వంట అనీ, అరుగుదల అనీ రెండర్థాలూ దానికున్నాయి. ఆయుర్వేదంలో 'పక్తిశూల' అన్న మాట ఉంది, తిన్నది అరగక వచ్చే కడుపునొప్పికి. గ్రీకు పెప్సిస్, సంస్కృత పక్తి ఏదో దూరపు పోలికతో సరిపెట్టుకునే మాటలు కావు. ధాతువుకు ధాతువు, ప్రత్యయానికి ప్రత్యయం సరిపోయే జంట. గ్రీకులో ఆ 'తి' కాలక్రమంలో 'సి' అయింది, అంతే. డిస్పెప్సియాను ముక్కకు ముక్క సంస్కృతంలో పెట్టాలంటే 'దుష్పక్తి' అనాలి. నిఘంటువులో వెతక్కండి, పోలిక చూపడానికి నేను కూర్చిన మాట అది.

ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఒకరి నుంచి ఒకరు తీసుకోలేదని ఎలా చెప్పగలం? దానికి ఐదు అంకె సాయం తీసుకుందాం. సంస్కృతంలో పంచ. గ్రీకులో పెంటె. లాటిన్‌లో క్విన్క్వే. ఇప్పుడు వంట మాట చూడండి. సంస్కృతంలో పచ్. గ్రీకులో పెప్, పెస్. లాటిన్‌లో కోక్వెరె. రెండు వరుసల్లోనూ సంస్కృతంలో 'చ' ఉన్నచోట లాటిన్‌లో 'క్వ' ఉంది. గ్రీకులో అదే చోట పక్కనున్న అచ్చును, హల్లును బట్టి ఒకసారి 'ట', ఒకసారి 'ప' వస్తాయి. లాటిన్‌లో మొదటి 'ప' కూడా వెనక ఉన్న 'క్వ'ను చూసి దాని దారే పట్టింది, ఐదులోనూ వంటలోనూ కూడా. అప్పు తెచ్చుకున్న మాటలు ఇలా వరుస తప్పకుండా మారవు, దాదాపు తెచ్చుకున్న రూపంలోనే ఉంటాయి. ఒకే పాత మాటను మూడు జాతులు తరతరాలుగా నోళ్ళలో నాన్చుతూ వస్తేనే ఇలాంటి వరుస కుదురుతుంది. ఆ పాత రూపం 'పెక్వ్' లాంటిది అయి ఉండాలని భాషాశాస్త్రవేత్తలు వెనక్కి లెక్కగట్టి చెబుతారు.

నాన్నగారికి ఇంకో ఆధారం కూడా చూపండి, ఇది ఆయన సొంత పొలంలోదే. పచతి, పచనం అన్నప్పుడు 'చ' ఉంది. పక్తి, పక్వం, పాకం అన్నప్పుడు 'క' వస్తోంది. పక్తిలోని 'క'కు పాణిని సూత్రం 'చోః కుః'. చవర్గం పోయి కవర్గం వస్తుందని ఆయన పిల్లలకు చెప్పే ఉంటారు. వ్యాకరణం నేర్పడానికి అది చక్కటి దారి. చరిత్రలో మాత్రం జరిగింది తలకిందులుగా. ముందు ఉన్నది కవర్గమే. పక్కన 'ఎ', 'ఇ' లాంటి అచ్చులు ఉన్నచోట అది 'చ'గా మెత్తబడింది, లేనిచోట 'క'గానే మిగిలిపోయింది. అంటే పచ్ కూడా మారిన రూపమే. మారిపోయిన ఆ 'చ'ను గ్రీకులు పట్టుకుపోయి 'ప' చేసుకున్నారనడానికి దారి లేదు. సంస్కృతం గ్రీకుకు తల్లి కాదు, అక్క. తల్లి భాష రాత నేర్వకముందే పోయింది.

ఈ సంగతిని నలుగురి ముందు గట్టిగా చెప్పినవాడు సర్ విలియం జోన్స్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో, 1786 ఫిబ్రవరి 2న. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని, ఆ మూలం ఇప్పుడు లేకపోయి ఉండవచ్చని ఆయన అన్నారు. దీని తర్వాత ముప్ఫై ఏళ్ళకు మన తెలుగు వంతు వచ్చింది. అప్పటిదాకా తెలుగు కూడా సంస్కృతం నుంచి పుట్టిందేనని చాలామంది అనుకునేవారు. మద్రాసులో పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు ధాతువులు వేరని, తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని ఉదాహరణలతో చూపించారు.

కాబట్టి పక్తి, పెప్సిస్‌లతో చుట్టరికం మన భాషలోకి వచ్చి స్థిరపడిన సంస్కృత పదాలకే గానీ అచ్చతెలుగుకు కాదు. కడుపులో జరిగేదానికి అచ్చతెలుగు మాట అరగడం. చెప్పులు అరుగుతాయి, సన్నికల్లు అరుగుతుంది, తిన్నది అరుగుతుంది. తెలుగువాళ్ళు ఆ పనిని వంటగా కాకుండా ఒరుసుకుని తరిగిపోవడంగా చూశారు. జీర్ణం అన్న సంస్కృత పదం దారి కూడా ఇదే. పాడుబడ్డ గుడిని జీర్ణదేవాలయం అంటాం, బాగుచేస్తే జీర్ణోద్ధరణ అంటాం. పసిపిల్లలకు పాలుపట్టి పొట్ట నిమురుతూ 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అనేటప్పుడు ఉన్నదీ ఆ జీర్ణమే. దానికీ గ్రీకులో చుట్టాలున్నారు. జీర్ణం, జర ఒక ధాతువు నుంచి వచ్చినవి. ముసలివాడిని గ్రీకులో 'గెరోన్' అంటారు. పెద్దాసుపత్రుల్లో వృద్ధుల వైద్య విభాగానికి జెరియాట్రిక్స్ అని బోర్డు ఉంటుంది చూడండి, అది ఈ కుదురులోదే.

లాటిన్ కోక్వెరె నుంచి కుక్, కిచెన్ వచ్చాయి. మీ వంటింట్లో కుకర్ కూడా పాకానికి చుట్టమే. బిస్కెట్ అంటే రెండుసార్లు కాల్చినది అని. మీ చిన్నమ్మాయికి ఈ ముక్క నచ్చుతుంది.

ఇక మీ అబ్బాయి తెలుసుకోవాల్సిన సంగతికి వస్తాను. అరగడాన్ని వండడం అనడం గ్రీకులకు ఏదో కవిత్వం కాదు. కడుపులో నిజంగానే వంట జరుగుతోందని వాళ్ళు నమ్మారు. అరిస్టాటిల్ రచనల్లోని మెటియొరోలాజికా నాలుగో భాగంలో పెప్సిస్‌ను మూడుగా విడదీశారు: పండడం, ఉడకడం, కాలడం. మూడూ వేడి వల్ల జరిగేవే. కుదరకపోతే 'అపెప్సియా' అన్నారు. పచ్చిగా మిగిలిపోవడం అందులో ఒకటి. దానికి వాడిన 'ఓమోస్' అన్న గ్రీకు మాట, మన 'ఆమం' తోబుట్టువులు. పచ్చిది ఉండే చోటు ఆమాశయం, పక్వమైనది చేరే చోటు పక్వాశయం అని ఆయుర్వేదం పేర్లు పెట్టింది. చరకసంహిత ఇంకా ముందుకెళ్ళి, పాత్రలో నీళ్ళూ బియ్యమూ పోసి నిప్పు పెడితే అన్నం ఉడికినట్టే జఠరాగ్ని ఆహారాన్ని పచనం చేస్తుందని చెప్పింది. రెండు దేశాల వైద్యులూ వంటింటినే చూసి కడుపును అర్థం చేసుకున్నారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారో లేదో గానీ మాట మాత్రం ఇద్దరికీ పుట్టింటి నుంచి వచ్చింది.

గ్రీకుల్లోనే దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో పనిచేసిన ఎరసిస్ట్రాటస్, కడుపు తిండిని నలిపి నూరుతుందే తప్ప వండదు అన్నాడు. మన అరగడానికి దగ్గరి ఊహ అది. కుళ్ళడమే అరగడం అని ఇంకొకరు అన్నారు. ఈ వాదాలన్నిటినీ రోమన్ రచయిత సెల్సస్ తన వైద్య గ్రంథం ముందుమాటలో వరసగా చెప్పుకొచ్చాడు. చివరికి క్రీస్తు తర్వాత రెండో శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు వంట పక్షాన నిలిచాడు. ఆయన మాటకు ఎదురు లేకపోవడంతో పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ళు వైద్యులు కడుపులో పొయ్యి ఉందనే పాఠం చెప్పుకున్నారు.

ఆ పాఠాన్ని పరీక్షకు పెట్టినవాళ్ళ కథలు నాకు చాలా ఇష్టం. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ వైద్యుడు ఒక ప్రశ్న వేశాడు: వేడే వండుతుంటే, ఒళ్ళు చల్లగా ఉండే చేపకు తిండి ఎలా అరుగుతోంది? 1752లో ఫ్రాన్సులో రెయమ్యూర్ అనే శాస్త్రవేత్త తన పెంపుడు గద్దతో, చివర్లు తెరిచిన చిన్న లోహపు గొట్టాల్లో మాంసం పెట్టి మింగించాడు. గద్ద అరగనివాటిని బయటికి కక్కేస్తుంది కదా. గొట్టం చెక్కుచెదరలేదు, లోపలి మాంసం మాత్రం కరిగింది. నూరడానికి వీల్లేని చోట కరిగింది కాబట్టి, ఏదో రసం పనిచేస్తోందని తేలింది. ఇటలీలో స్పాలంజాని ఇంకో అడుగు వేసి, గుడ్డసంచుల్లో తిండి కుట్టి తనే మింగాడు. జఠరరసంలో మాంసం ముక్క వేసిన గాజుగొట్టాన్ని చంకలో పెట్టుకుని, ఒంటి వేడి తగిలేలా ఉంచి, కడుపు బయట కూడా అరుగుదల జరుగుతుందని చూపించాడు.

అందరికంటే దగ్గరగా చూసినవాడు అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్. 1822 జూన్ 6న మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలివాడికి తుపాకీ పేలి పొట్టలో గాయమైంది. మనిషి బతికాడు గానీ కడుపులోకి దారితీసే రంధ్రం పూడలేదు. 1825 ఆగస్టు 1న మధ్యాహ్నం బోమాంట్ పట్టుదారానికి మాంసం రకాలు, ఎండిన రొట్టె, పచ్చి క్యాబేజీ ముక్కలు కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి వదిలాడు. గంట తర్వాత లాగి చూస్తే క్యాబేజీ, రొట్టె సగం కరిగాయి, మాంసం ఇంకా అలాగే ఉంది. రెండో గంటకు క్యాబేజీ, రొట్టెలతో పాటు ఉడికించిన మాంసం కూడా దారం మీద లేదు. ఆయన పుస్తకం 1833లో వచ్చింది. ఆ పరీక్షలన్నీ ఒక పేదవాడి ఒంటి మీద, అతని అవసరాన్ని ఆసరా చేసుకుని జరిగాయి. జీర్ణక్రియ గురించి మనకు తెలిసినదానిలో సెయింట్ మార్టిన్‌కు మనం పడ్డ బాకీ చాలా ఉంది. ఆ పేరు ప్రతి వైద్య విద్యార్థికీ తెలియాలి.

ఈలోగా 1824లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్, కడుపులో ఉన్న ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లమని తేల్చాడు. 1836లో బెర్లిన్‌లో థియొడోర్ ష్వాన్, ఆమ్లం ఒక్కటే చాలదని, మాంసకృత్తులను విడగొట్టే పదార్థం ఇంకొకటి కడుపు పొరలో ఉందని కనిపెట్టి దానికి 'పెప్సిన్' అని పేరు పెట్టాడు. పెప్సిస్ నుంచే ఆ పేరు. ఇందులో ఒక విశేషం ఉంది. వంట పేరు పెట్టుకున్న పెప్సిన్‌ను మరిగిస్తే చచ్చిపోతుంది, ఇక దేన్నీ అరిగించలేదు. దానికి ఒంటి వేడి చాలు, ఆమ్లం కావాలి. అంటే కడుపులో పొయ్యి లేదని తేల్చిన పరిశోధనే, పొయ్యి నాటి మాటను ఇంకో రెండు వందల ఏళ్ళు బతికించింది. పెప్టిక్ అల్సర్‌లో ఉన్నదీ అదే మాట. మీ అబ్బాయి పుస్తకాల్లో పెప్టైడ్ అని వస్తుంది కదా, అది కూడా.

పెప్సీ సంగతి. మీ చిన్నది అడిగింది మంచి ప్రశ్న. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని న్యూబర్న్ అనే ఊళ్ళో కేలబ్ బ్రాడమ్ అనే మందుల షాపాయన 1893లో ఒక డ్రింకు తయారుచేశాడు. మొదట 'బ్రాడ్స్ డ్రింక్' అనేవారు. తిన్నది అరగడానికి మంచిదన్న నమ్మకంతో 1898లో పెప్సీకోలా అని పేరు మార్చాడు. డిస్పెప్సియాలోని ఆ ముక్కే ఇందులోకి వచ్చింది. కాబట్టి పెప్సీ వల్ల ఆ జబ్బుకు పేరు రాలేదు, జబ్బు పేరు నుంచే పెప్సీకి పేరు వచ్చింది. పేరు చూసి అరుగుదలకు మంచిదని మాత్రం తాతగారికి పట్టకండి. గ్యాస్ ఉన్న డ్రింకులు కడుపుబ్బరాన్ని పెంచుతాయి.

గ్యాస్ అన్నాను కాబట్టి ఇంకో మాట. మనవాళ్ళు 'గ్యాస్ట్రిక్ ట్రబుల్' అనేది గ్యాస్ నుంచి వచ్చిందనుకుంటారు. గ్యాస్ట్రిక్ అంటే పొట్టకు సంబంధించినది. పొట్టను గ్రీకులో 'గాస్టేర్' అంటారు. గ్యాస్ అన్న మాటను పుట్టించింది, చేపల ప్రశ్న వేసిన వాన్ హెల్మాంటే. గ్రీకు 'ఖావోస్' నుంచి తీసుకున్నాడు. రెండింటికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. కడుపులో ఏం జరిగినా గ్యాసే అనుకునే అలవాటు మనకు బలంగా ఉంది. దానివల్ల ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలు ఉన్నాయి కాబట్టి దాన్ని కింద మళ్ళీ చెబుతాను.

ఇప్పుడు మీ నాన్నగారి భయం. డిస్పెప్సియా అన్నది రోగకారణం పేరు కాదు. 'అరుగుదల బాగాలేదు' అని రోగి చెప్పిన మాటనే గ్రీకులో తిరగరాసిన పేరు. ఆయన డాక్టరుకు ఏం చెప్పుకున్నారో చీటీ మీద అదే ఉంది. పేరు పెద్దదైనంత మాత్రాన జబ్బు పెద్దది కాదు. ముందున్న 'ఫంక్షనల్' అన్న మాటకు అర్థం, కడుపు కట్టుబడిలో తేడా కనిపించలేదు, పనితీరులో తేడా ఉంది అని. తిండి లోపలికి రాగానే కడుపు పైభాగం వదులై చోటివ్వాలి. కొందరిలో అది సరిగా వదులు కాదు. కొందరిలో కడుపు నరాలు మామూలు సాగుదలను కూడా నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. అందుకే నాలుగు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది. 'ఏమీ లేదు' అంటే పుండు, గడ్డ లేవని. బాధ లేదని కాదు, ఆయన ఊహించుకుంటున్నారనీ కాదు. ఇంట్లోవాళ్ళు కూడా 'రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, ఇంకేంటి' అనకుండా ఉంటే మంచిది. టెన్షన్ పెరిగితే ఈ బాధ పెరుగుతుంది. మెదడుకూ పొట్టకూ మధ్య నరాల రాకపోకలు అంత గట్టివి.

డాక్టరుగారిని హెలికోబ్యాక్టర్ పైలోరి పరీక్ష చేశారా అని అడగండి. కడుపు పొరలో కాపురం ఉండే బ్యాక్టీరియా అది. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దాన్ని పట్టుకుని, అల్సర్లకు అది ముఖ్య కారణమని చూపించినందుకు 2005లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అది ఉంటే మందులతో పోగొట్టవచ్చు, కొందరికి అజీర్తి కూడా తగ్గుతుంది. ఇక తిండి విషయంలో ఒకేసారి విస్తరి నిండా వడ్డించకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. వేపుళ్ళు, నూనె తేలే కూరలు తగ్గించండి. ఏది తిన్నప్పుడు బాధ ఎక్కువవుతోందో ఆయననే గమనించుకోమనండి. వాము, జీలకర్ర వేసి కాచిన నీళ్ళు హాయిగా ఉంటే తాగనివ్వండి, కానీ అవి డాక్టరు ఇచ్చిన మందుకు బదులు కావు. అన్నీ మానేసి పూర్తిగా నోరు కట్టుకోనివ్వకండి. ఈ వయసులో ఒళ్ళు తగ్గితే అది వేరే సమస్య.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఎండోస్కోపీ బాగుందన్న ధీమాతో ఆగకూడదు. ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, మాటిమాటికీ వాంతులు, వాంతిలో రక్తం లేదా కాఫీపొడి లాంటి రంగు, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత. వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పైపొట్టలో మంటతో పాటు చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి ఛాతీకో చేతికో దవడకో పాకినా, నడిచినప్పుడు వచ్చి కూర్చుంటే తగ్గుతున్నా, అది గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. అది గుండె కావచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

తాతామనవల సంగతి. గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్ మొదటి పర్వంలో కాల్కస్ అనే జ్యోతిష్కుడు, రాజు ఆ పూటకు కోపాన్ని దిగమింగినా లోపల పెట్టుకునే ఉంటాడని భయపడతాడు. అక్కడ హోమర్ వాడిన క్రియ పెస్సో కుదురులోదే, కోపాన్ని 'అరిగించుకోవడం'. మీ అబ్బాయి ఆ మాట పట్టుకుని వెళ్ళి, 'తాతయ్యా, పక్తి గురించి చెప్పు' అని అడిగితే చాలు. చోః కుః దగ్గర మొదలుపెడితే ఆయన ఊరికే వదలరు.

ఇంకో పని కూడా వాడికే అప్పగించండి. మోకాళ్ళ నొప్పికో, రక్తం పలచబడడానికో, బీపీకో నాన్నగారు వేసుకునే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించాలి. నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ కడుపు మంటకు తరచూ కారణమవుతాయి. అలాగని డాక్టరుకు చెప్పకుండా ఏదీ ఆపకూడదు. ఫార్మసీ చదువుతున్నాడు కాబట్టి ఏ మాత్రలో ఏ మందు ఉందో మీ అబ్బాయికి తెలుస్తుంది. ఏది ఎప్పుడు వేసుకుంటున్నారు, వేసుకున్నాక మంట ఎలా ఉంటోంది అన్నది మాత్రం తాతగారి పక్కన కూర్చుని అడిగి రాసుకోవాల్సిందే.